తాతబాబు కట్టిన ముడి

“గ్రైండరు కింద పెట్టు నాన్నా!”

శ్రీసత్య అరుపుకి పిట్టగోడ మీది పిల్లి లేచి పారిపోయింది గానీ చలమయ్య కదల్లేదు. కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని, పెరటి గోడకి ఆనించిన తుప్పు రేకు ముందు గొంతుక్కూర్చున్నాడు. చేతిలో ఇనుము అరగదీసే గ్రైండరు గిర్రున తిరుగుతోంది. ఇంకో బెత్తెడు ముందుకి జరిపితే ఆ రేకు మీది ఎర్రటి చేతిగుర్తు పొడై రాలిపోతుంది.

అరిచి లాభం లేదని శ్రీసత్య వసారాలోకి ఉరికి స్విచ్చి ఆపేసింది. గ్రైండరు మూలిగి మూలిగి ఆగింది.

“కరెంటు పోయిందా?” వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

“పోలేదు. నానే కట్టేసాను.”

“వెయ్యి.”

“వెయ్యను.”

“పొద్దుపోయేలోగా ఈ గ్రైండరు శుభాకర్ మాస్టారికి తిరిగిచ్చెయ్యాలి. అడిగి తెచ్చుకున్న వస్తువు. నా పని కానిచ్చుకుని ఇచ్చేసొస్తాను. వెయ్యమ్మా.”

అదీ చలమయ్యంటే. ఇల్లు మునుగుతున్నా సరే, ముందు పక్కింటి బిందె పక్కింట్లో ఇచ్చేసొచ్చి, ఆ తర్వాత తన బిందె వెతుక్కునే మనిషి. పెళ్ళయిన కొత్తలో ఆ గుణం చూసి భార్య తాయారు మురిసిపోయింది. ఇప్పుడు ‘ఇచ్చేసొస్తాను’ అన్న మాట వింటే ఆమెకి ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో కూతురికి ఇంతవరకూ తెలియదు.

తాయారు శనగపిండి చేతులతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కాసేపట్లో తాతబాబు వస్తాడు. అతనికి అరటికాయ బజ్జీలంటే ప్రాణం. లోపల నూనె కాగుతోంది.

“మెల్లిగా మాట్లాడుకోండి. ఎదురింట్లోకి వినబడుతుంది,” అంది.

ఎదురిల్లు తాతబాబుదే.

గొడవంతా పొద్దున మొదలైంది. హుద్‌హుద్ తుఫాన్లో చావు తప్పించుకుని బతికిన కాలనీ వాళ్ళ బొమ్మలు చేస్తోంది, శిల్పం చదువుకున్న శ్రీసత్య. ఫొటోలు పెడదామంటే ఎవరూ ఒప్పుకోలేదు. మల్కాపురంలో మనిషి ఫ్లెక్సీ ఎక్కాలంటే నాయకుడైనా అయ్యుండాలి, పోయినవాడైనా అయ్యుండాలి. బతికున్నోళ్ళని గోడెక్కిస్తావేటని ముసలమ్మలు కసిరారు. అందుకని ఆమె నీడలు పట్టడం మొదలుపెట్టింది. సాయంత్రపు ఎండలో మనిషిని రేకు ముందు నిలబెట్టి, పడిన నీడ చుట్టూ సుద్దముక్కతో గీసి, ఆ గీత వెంట కోస్తుంది. ఆ రేకులూ కొత్తవి కావు. తుఫాను నాడు ఎగిరినవి, వంగినవి, ఎవరి దొడ్లో వాళ్ళు దాచుకున్నవి. ఆదివారం నాడు కాలనీ పార్కులో వాటిని నిలబెడతారు. ఒక్కొక్క బొమ్మ కింద, ఆ మనిషి చెప్పిన మాట ఒకటి రాస్తారు.

తాతబాబు తన రేకు తానే తెచ్చిచ్చాడు. పోర్టులో ఓడలకి తాళ్ళు కట్టిన కళాసీ అతను. తుఫాను రోజున శ్రీసత్యకి పదిహేనేళ్ళు. రెక్క పట్టుకుని ఆమెని తన డాబాలోకి లాగుతుండగా ఒక రేకు ఎగిరొచ్చి అతని కుడిచేతిని మోచేతి దగ్గర తెగ్గొట్టింది. ఆ రేకునే అతని భార్య గంగాలమ్మ స్నానాల గదికి గోడగా బిగించి, సున్నం పూసి, ఇన్నేళ్ళూ వాడుకుంది. “నా సెయ్యి తిన్న రేకు గదమ్మా, నా బొమ్మ దీంట్లోనే కొయ్యి,” అంటూ మొన్న ఎడమ భుజాన మోసుకొచ్చాడు తాతబాబు.

పొద్దున వైరు బ్రష్షుతో ఆ సున్నం గీకుతుంటే కింద నుంచి ఒక చెయ్యి బయటపడింది. చిన్నపిల్ల ఎడమచెయ్యి. దానికి ఆరు వేళ్ళున్నాయి.

ఆ వీధిలో ఆరు వేళ్ళతో పెరిగిన పిల్ల శ్రీసత్య ఒక్కతే. ఆరో వేలు హైస్కూలుకి వెళ్ళకముందే తీయించేశారు. బొటనవేలి పక్కన మచ్చ మిగిలింది. పొద్దుట్నుంచీ ఆమె ఆ మచ్చనే రుద్దుకుంటోంది.

ఇల్లు కట్టుకున్న రోజున పసుపు చేతులు అద్దిద్దామని తాయారు ముచ్చటపడితే, రేకుకి పసుపు అంటలేదు. చలమయ్య స్టీల్ ప్లాంటులో ఫిట్టరు, ఇంట్లో ఇనుముకి పూసే రెడ్ ఆక్సైడ్ రంగు డబ్బా ఉంది. పిల్ల చెయ్యి అందులో ముంచి, వాకిలి మీద వేసే రేకుకి లోపలివైపు అద్దించారు. అది ఇదే. తాతబాబు చేతిని తెంపింది ఈ ఇంటి రేకే.

“మనదేనని చెప్పేద్దాం నాన్నా,” అంది శ్రీసత్య, గొంతు తగ్గించి. “తాతబాబు మావయ్య ఏటీ అనుకోడు. గాలి ఎగరేసింది గానీ మనం ఎగరేసామేటి?”

“చెబితే, మరి ముడి మాటేంటి?”

“ముడి ఇడిపోయిందని చెప్తాం. ఆ గాలికి ఓడలే కొట్టుకుపోయాయి. ఒక ముడి ఇడిపోతే వింతేటి?”

ఆ ముడి సంగతి తెలియనివాళ్ళు ఆ వీధిలో లేరు. తుఫాను ముందు రోజు తాతబాబు హార్బరు నుంచి లావుపాటి ఓడ తాడు తెచ్చి, చలమయ్య కప్పు మీదుగా వేసి, అటూ ఇటూ గుంజలకి కట్టాడు. అతని కుడిచెయ్యి వేసిన చివరి ముడి అది. ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే అతనడిగిన మొదటి మాట, “బావా, నీ కప్పు నిలబడినాదా?” అని.

“ఒక్క రేకు కదల్లేదు బావా. నీ ముడి పట్టేసింది,” అన్నాడు చలమయ్య.

వాకిలి మీది రేకులు అప్పటికే ఎగిరిపోయి ఉన్నాయి. తాతబాబు ఇంటికి వచ్చేలోగా చలమయ్య కొత్తవి తెచ్చి బిగించేశాడు. ఎవరి గోల వాళ్ళదిగా ఉన్న ఆ రోజుల్లో ఎదుటివాడి కప్పు కేసి చూసే తీరిక ఎవరికుంది? అప్పట్నుంచి పెళ్ళిలోనైనా, పేరంటంలోనైనా, రేషను షాపు దగ్గరైనా తాతబాబుది ఒకటే మాట. “వైజాగు మొత్తం ఎగిరిపోనాది గానీ, నాను కట్టిన కప్పు ఎగరనేదు.” చెయ్యి పోయిన మనిషి తలెత్తుకుని తిరిగింది ఆ ఒక్క మాట మీదే.

“బాధపడతాడని అబద్ధం చెప్పావు. అంతే గదా,” అంది శ్రీసత్య. “అది తప్పేటీ కాదు. మావయ్య కూడా అర్థం చేసుకుంటాడు.”

చలమయ్య నల్లద్దాలు తీయలేదు.

తాయారు వేళ్ళకంటిన పిండి గీక్కుంటూ మొగుడి వీపు కేసే చూస్తోంది. లోపల నూనె పొగ వాసన వస్తున్నా కదల్లేదు.

శ్రీసత్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఏటి? నానేటన్నాను?”

“చెప్పండి,” అంది తాయారు.

“ఇప్పుడెందుకే.”

“ఇప్పుడు కాకపోతే ఎప్పుడండీ? అది మీ కోసం వకాల్తా పుచ్చుకుని మాట్లాడుతోంది. వినడానికి నాకే సిగ్గేస్తోంది. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

“ఏటమ్మా అది?”

“ముడి విడిపోలేదే,” అంది తాయారు. “మీ నాన్న విప్పారు.”

శ్రీసత్యకి ఆ మాట వెంటనే అందలేదు. అందాక, పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీద కూలబడింది.

“మధ్యలో గాలి ఆగింది, గుర్తుందా నీకు?” చలమయ్య గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. “పొద్దున్నుంచి అంత గోల పెట్టి ఒక్కసారి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. ఆకాశం తెల్లగా ఉంది. జనమంతా వీధిలోకి వచ్చేశారు. అయిపోయిందనుకున్నాను.”

“అనుకుని?”

“మా గోదారి పక్క గాలివానలు ఎన్నో చూశాను. వస్తే వచ్చేది, పోతే పోయేది. ఇలా నడిమధ్యలో ఆగి మోసం చేసేది చూళ్ళేదు.”

“అనుకుని ఏం చేశారో చెప్పండి,” అంది తాయారు. భర్త నోరు తెరిచేలోగా తనే అందుకుంది. “‘పోర్టు తాడే, అతను మళ్ళీ జమ చెయ్యాలి, ఇచ్చేసొస్తాను’ అన్నారు. ‘ఆగండి, గొంతులో కాస్త టీ పోసుకుని వెళ్ళండి’ అన్నాను. విన్నారా? ఆ ముడి విప్పడానికి ఎన్ని తంటాలు పడ్డారో నాకు తెలుసు. పళ్ళతో లాగారు. పీట వేసుకుని ఎక్కారు. తాడు చక్కగా చుట్ట చుట్టి అరుగు మీద పెట్టారు. కాళ్ళు కడుక్కుని ఇద్దామని లోపలికొచ్చారు.”

ఆ తర్వాతది శ్రీసత్యకి తెలుసు. ఆమె వీధిలో నిలబడి, కూలిన వేపచెట్టు కొమ్మల మధ్య పిచ్చిక పిల్లల కోసం వెతుకుతోంది. తాతబాబు డాబా గుమ్మంలోంచి అరిచాడు. “ఓలమ్మీ, లోపలికి రా! ఇది అవ్వనేదు! తుఫాను కన్ను మన మీదున్నాది! గాలి అటేపునుంచి తిరిగొస్తాది!” ఆమె నవ్వింది. అతను పరిగెత్తుకొచ్చి ఆమె రెక్క పట్టుకున్నాడు. సముద్రం వైపు నుంచి, రైలు మీదికి వస్తున్నట్టు ఒక చప్పుడు.

“అంటే ఆ తాడు అలాగే ఉంటే...”

“ఉంటే రేకు కదిలేది కాదు,” అన్నాడు చలమయ్య. “అతను కట్టిన ముడి నాకు తెలుసు. విప్పినవాణ్ణి నేనే కదా.”

 పోర్టులో ఏదో ఓడ కూత వేసింది. తాయారు లోపలికి వెళ్ళి స్టవ్వు కట్టేసి వచ్చింది.

“ఆదివారం ఆదివారం మావయ్యకి గడ్డం గీస్తావు,” అంది శ్రీసత్య ఆఖరికి. “పండగొస్తే నీకు కొనుక్కోకుండా ఆయనకి చొక్కా కుట్టిస్తావు. ఆయన పిలవకముందే పరిగెడతావు. స్నేహమంటే మా నాన్నది అని నా ఫ్రెండ్సందరికీ చెప్పుకున్నాను.”

“స్నేహమే. కాదనకు.”

“భయం కూడా.”

“భయమే,” అన్నాడు చలమయ్య. “ఏం చెయ్యమంటావు? ఆ మనిషి నిన్ను బతికించాడు. నేను అతని చెయ్యి తీసేశాను. ఈ మాట అతని మొహం మీద చెప్పి, రేపు పొద్దున్న మళ్ళీ ఎదురింటి గుమ్మంలో అతన్ని ఎలా చూడను? ఇప్పుడు చెప్పు. ఆ చెయ్యి ఉంచుతావా? చెరిపేద్దామా?”

 ఇందాకటి వరకూ శ్రీసత్యకి అంతా తేలిగ్గా ఉంది. ఉన్నదున్నట్టు చూపించాలని స్టూడియోల్లో, సెమినార్లలో ఎన్ని మాటలు చెప్పిందో! ఆ మాటలేవీ ఈ పెరట్లో ఇప్పుడు నోట్లోకి రావడం లేదు. మావయ్య ముందు నాన్న తల దించుకుని నిలబడితే చూసే ధైర్యం ఆమెకి లేదు.  మెల్లిగా లేచి వసారా వైపు నడిచింది. స్విచ్చి మీద చెయ్యి పెట్టింది.

అప్పుడే వీధి గేటు కిర్రుమంది.

“వదినా, ఉన్నారా?”

గంగాలమ్మ గొంతు. చలమయ్య గబుక్కున గ్రైండరు వదిలేసి, రేకుకి అడ్డంగా లేచి నిలబడ్డాడు. గంగాలమ్మ ఇంట్లోంచి రాకుండా సందులోంచి నేరుగా పెరట్లోకి వచ్చేసింది. కొంగు కింద ఏదో దాచుకుని ఉంది. నడకలో కంగారు.

“మీ మావయ్య గెడ్డం గీసుకుంటన్నాడు. ఎడంసేత్తో గదా, కుసింత ఆలీసమవుద్ది,” అంది శ్రీసత్యతో. “రేకు కడిగీసినావేటమ్మా?”

“కడిగానత్తా.”

గంగాలమ్మ చలమయ్యని చూసింది. ఆయన కాళ్ళ పక్కన రాలిపడ్డ తెల్లటి సున్నపు పెళ్ళలు చూసింది. కొంగు తీసింది. చేతిలో చిన్న సున్నం డబ్బా, కుంచె.

“సున్నం ఎందుకు గీకీసినావమ్మా?” అంది.  “కొయ్యడానికి సున్నం అడ్డమొస్తాదేటి? ఒగ్గీకపోయావా!”

తాయారు గుమ్మం పట్టుకుంది. “వదినా... మీకు తెలుసా?”

“తెల్దేటి వదినా? మర్నాడు మా గోడ కాడ పడున్న రేకుని తిరగేసి సూసినాను. ఆరు వేళ్ళ సెయ్యి. ఈ గుంట సెయ్యి నాకు తెల్దా? సిన్నప్పుడు ఆ ఆరో యేలు పట్టుకునే గదా సందమామని సూపించినాను.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఆయనింకా ఆసుపత్రిలో ఉన్నాడు. పోయి సెయ్యి సూసుకుని ఏడుత్తాడనుకుంటే, ‘నా ముడి పట్టీసినాదంట, బావ కప్పు నిలబడినాదంట’ అని నవ్వుతన్నాడు. ఆ నవ్వు సూసినాక నానేటి సెప్పను? ఇంటికొచ్చి సున్నం కలిపినాను.”

“ఇన్నేళ్ళూ...” అంది తాయారు.

“ఏటేటా దసరాకి పూస్తన్నాను. ఇల్లంతటికీ ఎయ్యకపోయినా దీనికి ఏస్తాను. ‘నీళ్ళగదికి అంత సింగారమేటే’ అని ఏలాకోలం ఆడతాడు. మొన్న నాను బజారుకెల్లి వచ్చేసరికి రేకు ఊడదీసి మీకు ఇచ్చీసినాడు. అప్పట్నుంచి నాకు కంటిమీద కునుకు నేదు.”

చలమయ్య గోడకి ఆనుకున్నాడు. “చెల్లెమ్మా, మా రేకని తెలిసి కూడా... మా మీద నీకు కోపం రాలేదా?”

“కోపమేటన్నయ్యా?” గంగాలమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. “మీ రేకు దానంతటది ఎగిరినాదేటి? మా మావ ముడి ఇడిపోబట్టి గదా ఎగిరినాది. ఎవల్ననుకుంటాం? తప్పు మాదే గదా. మీరు పెద్ద మనసుతో అబద్దమాడి ఆయన పరువు నిలబెట్టినారు. మీ రుణం నాను తీర్చుకోగలనా?”

చలమయ్య తల దించుకున్నాడు. 

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. తను చేసిన తప్పుని తమదేననుకుని, మొగుడికి తెలియకుండా మోసుకుంటూ, ప్రతి దసరాకీ సున్నం పూస్తూ వచ్చిన మనిషి, ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టినంత పని చేస్తోంది. ఆయన బతుకులో అంత చిన్నతనం ఎప్పుడూ పడలేదు.

“తప్పుకోండన్నయ్యా. ఆరడానికి టైము కావాల,” అని గంగాలమ్మ డబ్బాలో కుంచె ముంచింది.

శ్రీసత్య వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. “ఆగత్తా.”

“ఒగ్గమ్మా. ఆయనొచ్చీగలడు.”

“ఒక్క నిమిషం.” చెయ్యి వదలకుండానే తండ్రి కేసి తిరిగింది. “నాన్నా.”

అంతే అంది. గట్టిగా అనలేదు, బతిమాలలేదు. చలమయ్య నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన కూతుర్ని చూడలేదు, భార్యని చూడలేదు. కుంచె చివర్నుంచి సున్నం చుక్క చుక్కగా నేల మీద పడుతుంటే అదే చూస్తున్నాడు.

“ఏటమ్మా సత్యా! నా నీడ సిద్దంగా ఉన్నాదా?”

తాతబాబు వచ్చేశాడు.

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, తలకి నూనె, గడ్డం దగ్గర రెండు చోట్ల కోసుకున్న గాట్లు. చొక్కా కుడిచెయ్యి మోచేతి దగ్గర మడిచి పిన్నీసు పెట్టి ఉంది. పెళ్ళికొడుకులా ఉన్నాడు. పెరట్లో నలుగురూ నిలబడ్డ తీరు చూసి నవ్వాడు.

“ఒక్క నీడకి ఇంతమందేటి? బావా, నువ్వేటి మొకం అలగ ఎట్టినావు? గంగాలూ, నీ సేతిలో ఆ సున్నమేటి?”

గంగాలమ్మ డబ్బా కిందపెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, రేకుకి వీపు ఆనించింది. చేతిగుర్తు ఆమె వెనక్కి పోయింది.

“ఏటీ నేదు. వదినకి ఇద్దారని తెచ్చినాను.”

“సర్లే. ఎండ పోతంది, బేగి కానిమ్మా.” తాతబాబు చొక్కా సర్దుకున్నాడు. “ఇదిగో, ముందే సెప్తన్నాను. నాకు కుడిసెయ్యి అతికించి అబద్దపు బొమ్మ సెయ్యకు. ఎంతవరకు ఉంటే అంతవరకే కొయ్యి.”

“అలాగే మావయ్యా,” అంది శ్రీసత్య. 

“కింద ఏటి రాయాలో కూడా ఆలోసించినాను. శుభాకర్ మాస్టారికి సెప్పీసినాను, ఆయన అచ్చరాలు రాసి ఉంచీసినాడు.” ఎడమచెయ్యి ఎత్తి గాల్లో రాస్తున్నట్టు చూపించాడు. “‘ఈ మనిసి కట్టిన కప్పు ఎగరలేదు.’ అంతే. పోర్టు పేరొద్దు, నా పేరు కూడా ఒద్దు. ఎలాగుంది బావా?”

చలమయ్య తల ఊపలేదు.

“బాగునేదా?”

తాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆదివారం నాడు పార్కులో, కాలనీ అంతా చూస్తుండగా, ఆ మాట ఇనుములో నిలబడబోతోంది. ఇంకెవరూ దాన్ని వెనక్కి తీసుకోలేరు.

“గంగాలూ, తప్పుకోయే. నీ నీడ పడిపోతంది,” అన్నాడు తాతబాబు.

ఆమె కదల్లేదు.

“నిన్నేనే.”

“ఈ రోజొద్దు మావా. ఎండ తిన్నగా నేదు. రేపొద్దాం.”

“ఇంతెండుంటే నేదంటావేటి? తప్పుకో.”

అప్పుడు చలమయ్య కదిలాడు. నెమ్మదిగా రేకు దగ్గరికి నడిచి, గంగాలమ్మ భుజం మీద చెయ్యి వేశాడు. “చెల్లెమ్మా, తప్పుకో,” అన్నాడు.

“అన్నయ్యా, ఒద్దు.”

“తప్పుకోమ్మా. నా మాట విను.”

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఏం కనబడిందో, పక్కకి జరిగింది. సాయంత్రపు ఎండ తిన్నగా రేకు మీద పడింది.

తాతబాబు ముందు నవ్వాడు. “ఓలమ్మ! ఆరు వేళ్ళు! ఇది నీ సెయ్యే గదమ్మీ? ఎంత సిన్నదో సూడు. ఎప్పుడద్దినావు దీని మీద?” అంటూ ముందుకి వంగాడు. తన ఎడమ అరచెయ్యి తెచ్చి ఆ చిన్న చెయ్యి మీద పెట్టాడు. పెట్టి, అలాగే ఉండిపోయాడు.

నవ్వు మొహం మీదే ఉంది. కానీ దాని వెనకాల మనిషి లేడు.

“ఇది మీ వాకిలి మీదుండేది,” అన్నాడు కాసేపటికి. “పేపరు సదివీవోణ్ణి గదా నాను, మీ అరుగు మీద కూకుని. తలెత్తితే ఈ సెయ్యి కనబడీది.”

చెయ్యి రేకు మీంచి తీశాడు.

“అయితే మీ కప్పు ఎగిరినాదన్నమాట.”

“మావా...” అంది గంగాలమ్మ.

“నా ముడి ఇడిపోనాదన్నమాట.”

అతను అక్కడే, రేకు ముందు, నేల మీద కూర్చున్నాడు. తెల్లచొక్కాకి తుప్పు అంటుకుంటున్నా చూసుకోలేదు. ఎడమచేతి వేళ్ళు గాల్లో కదులుతున్నాయి. లేని తాడుని గుంజ చుట్టూ తిప్పుతున్నాడు. లేని కుడిచేతికి అందిస్తున్నాడు.

“ఇలగ రెండు సుట్లేసినాను. కింద నుంచి తీసినాను. కొస లోపలికి దోపి బిగించినాను... ఎక్కడ తప్పు సేసినాను? గంగాలూ, నలభై టన్నుల బార్జీలు ఆపినాను గదే ఆ ముడితోని. ఎక్కడ తప్పినాను?”

గంగాలమ్మ బావురుమంది. “నీకు తెలీకూడదనే మావా, ఇన్నాళ్ళూ సున్నం పూసినాను.”

తాతబాబు ఆమె మాట వినలేదు. మళ్ళీ మొదట్నుంచి వేళ్ళు తిప్పుతున్నాడు. రెండు చుట్లు. కింద నుంచి. మళ్ళీ తప్పుతోంది. మళ్ళీ మొదలు.

ఇప్పుడు చలమయ్య నోరు మూసుకుంటే చాలు. ఎవరూ ఏమీ అనరు. తప్పు ముడిది, గాలిది. గంగాలమ్మ అన్నట్టు తప్పు వాళ్ళదే. రేపు పొద్దున్న మళ్ళీ ఎదురింటికి వెళ్ళొచ్చు, ఆదివారం గడ్డం గీయొచ్చు.

తాయారు మొగుణ్ణి చూస్తోంది. శ్రీసత్య చూడటం లేదు. చేతిలోని సుద్దముక్క విరిగి రెండు ముక్కలైతే, ఆ ముక్కల కేసే తలవంచుకుని నిలబడింది.

చలమయ్య వచ్చి తాతబాబుకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. గాల్లో తిరుగుతున్న ఆ ఎడమచేతిని తన రెండు చేతులతో పట్టుకుని ఆపాడు.

“బావా,” అన్నాడు. “నీ ముడి విడిపోలేదు.”

తాతబాబు తలెత్తాడు.

“మరి?”